డాఫొడిల్స్ ఏటా పూయాలంటే: గడ్డ నాటిన రోజు నుంచి ఆకు ఎండే రోజు వరకు

"మొదటి ఏడాది విరగబూశాయి, రెండో ఏడాది ఆకులే వచ్చాయి, మూడో ఏడాది అవీ పలచబడ్డాయి." డాఫొడిల్స్ (చలి ప్రాంతాల్లో గడ్డ నుంచి వసంతంలో పూసే పూలు) వేసినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. జవాబు గడ్డలోనే ఉంది. మీరు కొన్న గడ్డలో ఆ ఏడాది పువ్వు అప్పటికే తయారై ఉంటుంది. దాన్ని తయారుచేసింది గడ్డను పెంచిన రైతు. రెండో ఏడాది పువ్వు మీ చేతుల్లో తయారవుతుంది. అదీ పూలు రాలిపోయి, తోటలో చూడటానికి ఏమీ లేదనిపించే ఆరేడు వారాల్లో.

అందుకే ఈ మార్గదర్శిలో నాటడానికి ఎంత చోటిచ్చామో, పూలు రాలాక చేయాల్సిన పనికీ అంతే ఇచ్చాం. ఇందులోని నెలలు, కొలతలు ప్రధానంగా బ్రిటన్, అమెరికాల్లో ఇంటి వెనుక కాస్త నేల గానీ, బాల్కనీలో నాలుగు కుండీలు గానీ ఉన్నవారికి సరిపోతాయి. మెల్‌బోర్న్ వంటి దక్షిణార్ధగోళపు ఊళ్లలో ఉన్నవారు నెలలను తిప్పి చదువుకోవాలి: అక్కడ మార్చి నుంచి మే వరకు నాటితే ఆగస్టు, సెప్టెంబరుల్లో పూస్తాయి. హైదరాబాద్ సంగతి చివర విడిగా ఉంది.

1. ముందు మీ ఊరి చలి లెక్క చూసుకోండి

డాఫొడిల్ గడ్డకు చలి కావాలి. నేల చల్లబడి, సుమారు 9 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో 12 నుంచి 16 వారాలు గడిస్తేనే లోపలి పూకాడ సరిగా సాగుతుంది. ఆ చలి చాలకపోతే కాడ పొట్టిగా ఆగి, ఆకుల మధ్యే మొగ్గ ఎండిపోతుంది.

- లండన్, మాంచెస్టర్, న్యూజెర్సీ, షికాగో, సియాటిల్: చలికి లోటు లేదు. దాదాపు ఏ రకమైనా వేయొచ్చు.
- డాలస్, అట్లాంటా: చలి చాలు, కానీ వేసవి నేల వేడెక్కుతుంది. రకం చూసి ఎంచుకోవాలి.
- హ్యూస్టన్, కాలిఫోర్నియా బే ఏరియా: గుత్తులుగా పూసే టజెటా రకాలే నమ్మదగినవి. పెద్ద బాకా పూల రకాలు (పువ్వు నడుమ పొడవాటి గొట్టం ఉన్నవి) ఒక్క ఏడాది పూసి ఆగిపోవచ్చు.

2. రకాల ఎంపిక: రెండు నెలలు రంగు నిలవాలంటే

ఒకే రకం వంద గడ్డలు వేస్తే రెండు మూడు వారాల్లో పండుగ అయిపోతుంది. తొలి, నడిమి, చివరి కాలాల్లో పూసేవి కలిపి వేస్తే అదే చోట ఆరు నుంచి ఎనిమిది వారాలు ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది.

- తొలి పూత: ఫిబ్రవరి గోల్డ్, టెట్-ఎ-టెట్ (జానెడు ఎత్తే, కుండీకి దీన్ని మించింది లేదు), జెట్‌ఫైర్ (పసుపు రేకులు, నడుమ గిన్నెలాంటి నారింజ కప్పు).
- నడిమి పూత: డచ్ మాస్టర్ (నిండు పసుపు, పెద్ద బాకా), కార్ల్టన్, ఐస్ ఫాలీస్ (తెల్ల రేకులు, లేత పసుపు కప్పు), మౌంట్ హుడ్ (తెల్ల బాకా), పింక్ చార్మ్.
- చివరి పూత: థాలియా (ఒక్కో కాడకు రెండు మూడు తెల్లపూలు, మంచి వాసన), హవేరా, చీర్‌ఫుల్‌నెస్ (ముద్దపూలు), ఆక్టియా (తెల్ల రేకులు, ఎర్ర అంచున్న చిన్న కప్పు).

టెక్సస్, జార్జియా వంటి వేడి రాష్ట్రాల్లో ఉన్నవారు కార్ల్టన్, ఐస్ ఫాలీస్, ట్రెవిథియన్, స్వీట్‌నెస్, గ్రాండ్ ప్రైమో, ఎర్లిచీర్ వైపు వెళ్లండి. ఆక్టియా చల్లని చోట్ల పువ్వు, ఈ వేడి రాష్ట్రాల్లో దాని మీద డబ్బు పెట్టొద్దు.

ఒక జాగ్రత్త. "కింగ్ ఆల్ఫ్రెడ్" పేరుతో కొట్లలో కనిపించేవి ఎక్కువ శాతం అసలు రకం కావు. పాత రకాన్ని పోలిన డచ్ మాస్టర్ వంటివే ఆ పేరుతో అమ్ముతారు. గడ్డ మంచిదైతే నష్టమేమీ లేదు, పేరు చూసి ఎక్కువ ధర మాత్రం పెట్టకండి.

రంగుల పొందిక గురించి కూడా ఇక్కడే ఆలోచించుకోవాలి. పసుపు ఒక్కటే గుప్పిస్తే దూరం నుంచి చూసినప్పుడు ఒకే పూతలా కనిపిస్తుంది. దాని పాదాల దగ్గర నీలి మస్కారి (గడ్డ నుంచే వచ్చే పొట్టి పూలమొక్క) వేస్తే పసుపు పైకి లేస్తుంది. థాలియా తెలుపుకీ మస్కారి నీలానికీ ఉన్న పొత్తు ఇంకా బాగుంటుంది. మస్కారి గడ్డలు చిన్నవి, 8 నుంచి 10 సెం.మీ. లోతు చాలు. కాబట్టి డాఫొడిల్ గడ్డల పైపొరలో అదే గోతిలో పట్టేస్తాయి.

3. గడ్డలు కొనేటప్పుడు

కొట్లోకి గడ్డలు ఆగస్టు చివర, సెప్టెంబరులో వస్తాయి. అప్పుడే కొనండి. నవంబరులో సగం ధరకు దొరికేవి వెచ్చని కొట్లో మూడు నెలలు ఎండినవి.

చేతిలోకి తీసుకుని చూడాల్సినవి:

- నొక్కితే ఉల్లిపాయలా గట్టిగా ఉండాలి. అడుగున వేళ్లు వచ్చే బిళ్ల దగ్గర మెత్తగా ఉంటే వదిలేయండి.
- చేతికి బరువుగా ఉండాలి. పైకి పెద్దగా కనిపించి తేలిగ్గా ఉంటే లోపల ఎండిపోయిందో, పురుగు తినేసిందో.
- పెద్ద పూల రకాలకు గడ్డ చుట్టుకొలత 14 నుంచి 16 సెం.మీ. ఉంటే మొదటి ఏడాదే పూస్తుంది. టెట్-ఎ-టెట్ వంటి పొట్టి రకాల గడ్డలు సహజంగానే చిన్నవి.
- రెండు ముక్కులున్న (పైన రెండు మొనలున్న) గడ్డ ఒక్కోసారి రెండు మూడు కాడలు ఇస్తుంది. ధర కాస్త ఎక్కువైనా లాభమే.
- పై పొట్టు ఊడినా ఫర్వాలేదు. నీలి బూజు మచ్చలు పైపైన ఉంటే తుడిస్తే పోతాయి. లోపల గట్టిగా ఉందా లేదా అన్నదే ముఖ్యం.

నాటేదాకా గాలి ఆడే వలసంచిలో, ఎండ తగలని పొడి చోట పెట్టండి. ప్లాస్టిక్ కవరులో మూటగడితే చెమ్మపట్టి కుళ్లుతాయి.

వంటింటి దరిదాపుల్లో పెట్టకండి. డాఫొడిల్ మొక్క మొత్తం విషం, గడ్డలో మరీ ఎక్కువ. లైకోరిన్ అనే పదార్థం వల్ల వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. గడ్డ చూడటానికి చిన్న ఉల్లిపాయే, లేత ఆకులు అచ్చం ఉల్లికాడలే. వండితే విషం పోతుందనుకోవద్దు. ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ 2015లో సూపర్‌మార్కెట్లను డాఫొడిల్స్‌ను కూరగాయలకు దూరంగా పెట్టమని కోరింది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు ఇంట్లో ఉంటే సంచి చూపించి మరీ చెప్పండి. గడ్డల మీద తెలుగులో "విషం, పూలమొక్క" అని రాసి కట్టండి. తేడా తెలుసుకోవడానికి ఒక్క గుర్తు: కోసినా నలిపినా ఉల్లి ఘాటు రాదు. పొరపాటున తింటే అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, బ్రిటన్‌లో 111.

4. చోటు, నేల

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. అయితే ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. ఆకు రాల్చే చెట్టు కింద చోటు కూడా పనికొస్తుంది, ఎందుకంటే డాఫొడిల్ ఆకు ఎండ తాగే రోజుల్లో చెట్టు ఇంకా బోడిగానే ఉంటుంది. ఏడాది పొడవునా ఆకుండే చెట్టు కింద, ఉత్తరం గోడ పక్కన మాత్రం వద్దు.

నేల ఏదైనా సర్దుకుంటుంది, నీరు నిలిచే నేల తప్ప. అనుమానం ఉంటే ఒక అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపండి. మర్నాటికి కూడా అడుగున నీళ్లు కనిపిస్తే అక్కడ నేరుగా నాటొద్దు. అలాంటి బంకమట్టికి రెండు దారులు:

- చుట్టూ కట్ట వేసి 20 నుంచి 25 సెం.మీ. ఎత్తు మడి చేయడం. ఇదే నమ్మకమైన దారి.
- బాగా కుళ్లిన ఆకు ఎరువు, కంపోస్టు ఒక అడుగు లోతు వరకు కలిపి తిరగతవ్వడం. గోతి అడుగున మాత్రమే గులకరాళ్లు పోస్తే లాభం లేదు, గొయ్యి నీళ్ల తొట్టెలా మారుతుంది.

నేల పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) 6 నుంచి 7 మధ్య ఉంటే బాగు. పచ్చి పశువుల ఎరువు అసలు వద్దు. నత్రజని ఎక్కువై ఆకు ఏపుగా పెరుగుతుంది, గడ్డ మెత్తబడి అడుగు కుళ్లుకు తలుపు తెరిచినట్టవుతుంది.

5. ఎప్పుడు నాటాలి

నేల వేడి తగ్గాలి, కానీ గడ్డకట్టకూడదు. డాఫొడిల్ వేళ్లు చలికి ముందే పాతుకుంటాయి. ట్యూలిప్స్‌లా నవంబరు చివర దాకా ఆగాల్సిన పువ్వు కాదిది.

- బ్రిటన్: సెప్టెంబరు. ఆలస్యమైతే అక్టోబరు, మరీ తప్పకపోతే నవంబరు.
- షికాగో, బోస్టన్ వైపు: సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు.
- న్యూజెర్సీ, వర్జీనియా: అక్టోబరు నుంచి నవంబరు మొదలు వరకు.
- డాలస్, అట్లాంటా: నవంబరు, డిసెంబరు మొదలు.

అమెరికాలో వారానికోసారి నేల వేడి చూడండి. గడ్డ నాటే లోతున 15 డిగ్రీల కంటే తగ్గితే మొదలుపెట్టొచ్చు. వేడి నేలలో ముందే నాటితే గడ్డ కుళ్లుతుంది.

మరిచిపోయి జనవరిలో మూట కనిపించిందా? వచ్చే ఏడాదికి దాచొద్దు, అప్పటికి ఎండిపోతాయి. నేల తవ్వగలిగితే ఆ రోజే నాటండి. పూలు ఆలస్యంగా, పొట్టిగా వస్తాయి, మరుసటి ఏడు సర్దుకుంటాయి.

6. నాటే విధానం

కావాల్సినవి: పార, బొరిగె, కొలతకర్ర, చేతి తొడుగులు. తొడుగులు తప్పనిసరి. డాఫొడిల్ జిగురు, పొట్టు కొందరి చర్మానికి దురద, దద్దురు తెప్పిస్తాయి.

1) ఒక్కొక్క గడ్డకు ఒక్కో రంధ్రం చేయకుండా, 45 సెం.మీ. వెడల్పు గుండ్రటి గొయ్యి ఒకటి తీయండి. ఇందులో 7 నుంచి 10 పెద్ద గడ్డలు పడతాయి. వరసలుగా నాటినవి కవాతులా కనిపిస్తాయి, కుదురుగా నాటినవే తోటకు అందం.

2) లోతు: గడ్డ ఎత్తుకు మూడింతలు. 5 సెం.మీ. గడ్డకు 15 సెం.మీ. లోతు గొయ్యి, అంటే గడ్డ మీద 10 సెం.మీ. మట్టి. పొట్టి రకాలకు 8 నుంచి 10 సెం.మీ. గొయ్యి. ఇసుక నేలలో ఇంకో రెండు మూడు సెం.మీ. దిగండి.

ఈ కొలత దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. పైపైన నాటిన గడ్డ వేసవి వేడికి ఎండుతుంది, చిన్న చిన్న పిల్లగడ్డలుగా చీలిపోతుంది, పూత ఆగుతుంది. కంటి అంచనా వద్దు, కర్ర పెట్టి కొలవండి.

3) అడుగు మట్టిని ఒక జానెడు గుల్ల చేయండి. వేళ్లు కిందికే పోతాయి.

4) 5-10-10 (వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) వంటి, నత్రజని తక్కువ, పొటాష్ ఎక్కువ ఉన్న గడ్డల ఎరువును గుప్పెడు చల్లి మట్టిలో కలపండి. దాని మీద వేలెడు మందం మామూలు మట్టి వేయండి. ఎరువు నేరుగా గడ్డ అడుగును తాకితే వేళ్లు మాడతాయి. ఎముకల పొడి వేస్తే కుక్కలు వచ్చి తవ్విపోస్తాయి, లేకుండానే పని జరుగుతుంది.

5) గడ్డలను ముక్కు పైకి, వేళ్ల బిళ్ల కిందికి ఉండేలా కూర్చోబెట్టండి. బిళ్ల మట్టికి ఆనాలి, కింద గాలి ఖాళీ ఉండకూడదు. గడ్డకూ గడ్డకూ 10 నుంచి 15 సెం.మీ. పొట్టి రకాలకు 7 చాలు.

6) సగం మట్టి వేసి చేత్తో సర్దండి, కాలితో తొక్కొద్దు. మస్కారి వేయాలనుకుంటే ఈ పొరలో వేయండి. మిగతా మట్టి నింపండి.

7) నిండుగా ఒకసారి నీళ్లు పెట్టండి. వాన లేకపోతే పది రోజులకోసారి మళ్లీ, చలి ముదిరేదాకా.

8) పేరు రాసిన పలక గుచ్చండి. వేసవిలో పైన ఏమీ కనిపించదు, మరచిపోయి అక్కడే పార దిగుతుంది.

ఉడుతలు డాఫొడిల్ తినవు, కానీ గుల్ల చేసిన మట్టి కనిపిస్తే తవ్వి చూస్తాయి. మొలకలు వచ్చేదాకా పైన కోళ్ల జాలీ పరచి రాళ్లు పెడితే చాలు. జింకలు కూడా ముట్టవు. ట్యూలిప్స్ పెంచలేక విసిగిన న్యూజెర్సీ వాళ్లకు ఇదే పెద్ద ఊరట.

గడ్డి మధ్యలో వేయాలంటే: గడ్డలను గుప్పిట పట్టి నేలమీద దొర్లించండి, ఎక్కడ ఆగితే అక్కడ నాటండి. అప్పుడే అవంతట అవే మొలిచినట్టుంటాయి. కానీ పూలు రాలాక కనీసం ఆరు వారాలు ఆ చోట గడ్డికోత మిషన్ తిప్పకూడదు. ముందు పెరడు గడ్డి ఎత్తు పెరిగితే నోటీసు పంపే సొసైటీలున్న కాలనీల్లో ఇది కుదరదు. అక్కడ గట్టు అంచునే వేయండి.

7. కుండీల్లో అయితే

కుండీ లోతు 30 సెం.మీ., అడుగున రంధ్రాలు ఉండాలి. మూడు వంతుల పాటింగ్ మిశ్రమానికి ఒక వంతు పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి తెల్ల గుళికలు).

పైన 30 సెం.మీ. వెడల్పున్న కుండీలో రెండు అంతస్తులుగా పెద్ద గడ్డలు పది వరకు పెట్టొచ్చు. కింది వరస 20 సెం.మీ. లోతున. వాటి ముక్కులు మునిగేదాకా మట్టి వేసి, ముక్కుల మధ్య సందుల్లో పై వరస పెట్టండి. రెండు వరసలూ దాదాపు ఒకేసారి పూస్తాయి, కుండీ కిక్కిరిసిపోతుంది.

షికాగో చలిలో కుండీ మట్టి నాలుగు వైపుల నుంచీ గడ్డకట్టి గడ్డలు చచ్చిపోతాయి. వేడి పెట్టని గరాజులోకి చేర్చండి, మట్టి ఆరినప్పుడు మాత్రం కాసిని నీళ్లు. గదిలో హీటర్ పక్కన పెడితే చలి అందక పువ్వు రాదు.

కుండీలో గడ్డ రెండో ఏడాది నీరసిస్తుంది. పూత అయ్యాక ఆకు ఎండనిచ్చి, నేల ఉంటే నేలలోకి మార్చండి.

8. మొలక నుంచి పూత వరకు

జనవరిలో వెచ్చటి వారం వచ్చి ఆకు మొనలు బయటికొస్తే కంగారు వద్దు. మంచు పడినా ఆకుకు ఏమీ కాదు. పూసిన కాడలు తెల్లవారుజామున మంచుకు నేలకు వాలిపోతే తాకకండి, ఎండెక్కాక లేస్తాయి. గడ్డకట్టిన కాడను చేత్తో లేపితే విరుగుతుంది.

ఆకు మొనలు కనిపించగానే పైపాటుగా 5-10-10 చల్లండి, చదరపు మీటరుకు 30 గ్రాముల లోపు. పచ్చిక ఎరువు పడకుండా చూసుకోండి, అందులో నత్రజని ఎక్కువ.

మొగ్గ తొడిగాక వానలు లేకపోతే వారానికోసారి లోతుగా తడపండి. ముద్దపూల రకాలు ఈ సమయంలో నీరు తగ్గితే మొగ్గలోనే మాడిపోతాయి.

9. పూలు రాలాక: అసలు వ్యవసాయం ఇక్కడే

వచ్చే ఏడాది పువ్వు వసంతం చివర, వేసవి మొదట్లో గడ్డ లోపల రూపు కడుతుంది. దానికి కావాల్సిన ఆహారం మొత్తం ఈ ఆకులు వండాలి. ఈ సంగతి గుర్తుంటే కింది ఐదు పనులూ వాటంతటవే అర్థమవుతాయి.

- వాడిన పువ్వును దాని వెనక ఉబ్బిన విత్తన కాయతో సహా గిల్లేయండి. కాయ నిలిస్తే ఆహారం విత్తనానికి పోతుంది.
- పచ్చి కాడను కోయొద్దు. ఆకులాగే అదీ ఎండ తాగుతుంది.
- ఆకులను పూత తర్వాత కనీసం ఆరు వారాలు ముట్టుకోవద్దు. పచ్చదనం పోయి పసుపెక్కి, లాగితే ఊడొచ్చినప్పుడు తీయండి.
- ఆకులను ముడి వేయొద్దు, జడ అల్లొద్దు, రబ్బరు బ్యాండు చుట్టొద్దు. పొరుగు తోటల్లో అందంగా జడలు కనిపించొచ్చు. అలా మడిచిన ఆకుకు సగం మీద ఎండ పడదు, సగం వంట ఆగిపోతుంది.
- ఈ వారాల్లో నేల ఆరిపోతే నీళ్లు పెట్టండి. కుండీలకైతే పది రోజులకోసారి టమాటా మొక్కల ద్రవ ఎరువు, ఆకు పసుపెక్కే వరకు.

వాలిన ఆకులు కంటికి బాగుండవన్నది నిజమే. దానికి కత్తెర మందు కాదు, పక్క మొక్క మందు. డే లిల్లీ, హోస్టా, హార్డీ జెరేనియం వంటివి డాఫొడిల్ కుదుళ్ల మధ్య వేసుకుంటే, సరిగ్గా ఈ ఆకులు వాలే వేళకు వాటి కొత్త ఆకులు లేచి కప్పేస్తాయి.

ఆకు ఎండాక గడ్డ నిద్రపోతుంది. అప్పుడు పొడి నేల కావాలి. రోజూ స్ప్రింక్లర్ తడిపే మడిలో, వేడికి తడి తోడై గడ్డలు కుళ్లుతాయి. డాలస్ వంటి వేడి ఊళ్లలో గడ్డలు మాయమవడానికి ఇదీ ఒక కారణం. వేసవి పూలకు నీళ్లు కట్టే మడిలో డాఫొడిల్ వేయకండి.

10. కుదురు విడదీయడం

మూడు నుంచి ఐదేళ్లకు కుదురు కిక్కిరిసి పూలు తగ్గుతాయి. పూలు తగ్గకపోతే విడదీయాల్సిన పనే లేదు.

- ఆకు పసుపెక్కాక, పూర్తిగా మాయం కాకముందు తవ్వండి. లేకపోతే ఎక్కడుందో తెలియదు.
- కుదురుకు జానెడు దూరంలో ముళ్ల పార దింపి, కింది నుంచి లేపండి.
- తేలిగ్గా విడిపోయే పిల్లగడ్డలనే విడదీయండి. తల్లిగడ్డ బిళ్లకు అంటుకున్నవాటిని పీకితే ఆ గాయం నుంచి కుళ్లు పడుతుంది.
- మెత్తటివి, తేలికవి పారేయండి. కంపోస్టులో వేయొద్దు.
- వెంటనే వేరే చోట నాటొచ్చు. లేదా నీడలో ఆరబెట్టి వలసంచిలో వేలాడదీసి సెప్టెంబరులో నాటండి. ఎండలో ఆరబెట్టొద్దు.

వేలెడంత పిల్లగడ్డలు పూయడానికి రెండు మూడేళ్లు పడుతుంది. వాటిని ఒక మూల మడిలో విడిగా పెంచితే పూసే కుదుళ్ల మధ్య ఖాళీలు కనిపించవు.

11. పూయకపోతే, ఆకు తేడాగా ఉంటే

ముందు కుదురు పక్కన తవ్వి ఒక గడ్డ బయటికి తీసి చూడండి. పైనుంచి ఊహిస్తే సగం సార్లు తప్పుతుంది.

ఆకులున్నాయి, పువ్వు లేదు, గడ్డలు గట్టిగానే ఉన్నాయి. లోతు కొలవండి. 10 సెం.మీ. కంటే పైన ఉంటే వేసవిలో తీసి లోతుగా నాటండి. లోతు సరిపోతే, ఆకు నిరుడు తొందరగా కోశారా, చెట్టు నీడ పెరిగిందా, గడ్డలు ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నాయా చూడండి. కారణం సరిచేసినా ఫలితం ఒక ఏడాది ఆలస్యంగా వస్తుంది. మధ్యలో విసిగి పీకేయొద్దు.

గడ్డిపోచల్లా సన్నటి ఆకులు, గడ్డ నొక్కితే మెత్తగా. నిలువునా కోయండి. లోపల బురదలాంటి గుల్లలో లావుపాటి తెల్లపురుగు ఒకటుంటే అది నార్సిసస్ ఈగ. పెద్ద ఈగ చూడటానికి చిన్న తుమ్మెదలా ఉంటుంది, మే, జూన్ ఎండల్లో వాడుతున్న ఆకుల మొదట గుడ్లు పెడుతుంది. ఆకు ఎండి ఊడాక నేలలో ఏర్పడే రంధ్రాన్ని మట్టితో పూడ్చడం మరిచిపోవద్దు. గతంలో బెడద ఉంటే మే మొదటి నుంచి ఆకుల మీద సన్నటి వల కప్పండి. వెచ్చగా గాలి లేని మూలలంటే ఈ ఈగకు ఇష్టం, తర్వాతిసారి గాలి ఆడే చోట నాటండి.

గడ్డ అడుగు నుంచి ముదురు గోధుమరంగు కుళ్లు. ఇది నేలలో ఉండే ఫ్యుజేరియం బూజు. వేడి నేలలో, నత్రజని ఎక్కువైనచోట రేగుతుంది. మందు లేదు. గడ్డను, చుట్టూ మట్టిని తీసి చెత్తలో పడేయండి, అక్కడ కొన్నేళ్లు డాఫొడిల్ వద్దు.

అడ్డంగా కోస్తే ఉల్లి పొరల్లా గోధుమ వలయాలు, ఆకుల మీద లేత పసుపు బుడిపెలు. నులిపురుగు. వ్యాపార తోటల్లో 44.4 డిగ్రీల వేడినీళ్లలో మూడు గంటలు ఉంచి చంపుతారు. ఇంట్లో ఆ వేడిని అంతసేపు నిలపడం కష్టం, తేడా వస్తే గడ్డే ఉడుకుతుంది. పీకి పారేయడమే మేలు.

ఆకు పొడుగునా పసుపు చారలు. వైరస్. తొలి వసంతంలోనే బాగా కనిపిస్తుంది. పేనుబంక పక్క మొక్కలకు మోస్తుంది, జాలి పడకుండా తీసేయండి.

మొగ్గ కాగితంలా ఎండి, విచ్చుకోలేదు. నీరు చాలకపోవడం, ఉన్నట్టుండి ఎండ ముదరడం. చివరి పూత ముద్దరకాలకే ఎక్కువ. వేడి తొందరగా వచ్చే ఊళ్లలో చీర్‌ఫుల్‌నెస్ బదులు తొలి పూత రకాలు వేయండి.

12. ఇంట్లో పూలసీసాకు కోసేటప్పుడు

నిటారు మొగ్గ పక్కకు వంగి, రంగు తొంగిచూసే దశలో కోయండి. కాడను మొదట పట్టి గిల్లితే చాలు. ఆకులు కోయొద్దు.

కోసిన కాడ నుంచి జిగురు కారుతుంది. అది ట్యూలిప్స్ వంటి ఇతర పూలను తొందరగా వాడేస్తుంది. కాబట్టి డాఫొడిల్స్‌ను వేరే సీసాలో ఒక రాత్రి ఉంచి, మళ్లీ కాడ కోయకుండా కడిగి, కొత్త నీళ్లలో మిగతా పూలతో కలపండి. ఆ సీసా నీళ్లు కూడా పిల్లలకు, పిల్లికి, కుక్కకు అందనివ్వొద్దు.

13. హైదరాబాద్‌లో ఉన్నవారికి

మామూలు డాఫొడిల్‌ను ఫ్రిజ్‌లో 12 వారాలకు పైగా పెట్టి డిసెంబరులో నాటితే ఒకసారి పూయొచ్చు. కానీ మన ఏప్రిల్, మే వేడిలో ఆ గడ్డ బతకదు. ఫ్రిజ్‌లో పెట్టేవారు అదే అరలో ఆపిల్, అరటి వంటి పండ్లు ఉంచకూడదు, పండే పండు నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపుతుంది. తినే వస్తువుల పక్కన ఈ గడ్డ ఉండకూడదన్నది సరేసరి.

చలి అక్కర్లేనిది పేపర్‌వైట్ రకం. గుత్తులుగా తెల్లపూలు, గాఢమైన వాసన. నవంబరు చివర, డిసెంబరులో మొదలుపెట్టండి.

- రంధ్రం లేని గాజు గిన్నెలో 5 నుంచి 7 సెం.మీ. గులకరాళ్లు పోయండి.
- గడ్డలను ఒకదాని పక్కన ఒకటి ఆనించి కూర్చోబెట్టి, కదలకుండా చుట్టూ రాళ్లు సర్దండి.
- నీళ్లు గడ్డ అడుగును తాకీ తాకనట్టు ఉండాలి. గడ్డ మునిగితే కుళ్లుతుంది.
- వేళ్లు వచ్చేదాకా ఒకటి రెండు వారాలు ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, మసకగా ఉండే గదిలో. తర్వాత వెలుతురున్న కిటికీ దగ్గర.
- నాలుగు నుంచి ఆరు వారాల్లో పూస్తాయి.

మన ఇళ్ల వెచ్చదనానికి కాడలు పొడుగు సాగి పడిపోవడం మామూలు. దీనికి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపిన చిట్కా నిజంగా పనిచేస్తుంది: మొలక 3 నుంచి 5 సెం.మీ. అయ్యాక గిన్నెలో నీళ్లు తీసేసి, 4 నుంచి 6 శాతం ఆల్కహాల్ ఉన్న నీళ్లు పోయాలి. మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అయితే ఒక పాలుకు 11 పాళ్ల నీళ్లు. కాడ మూడో వంతు పొట్టిగా ఆగుతుంది, పువ్వు పరిమాణం తగ్గదు. పాళ్లు పెంచితే మొక్క మాడుతుంది. బీరు, వైను పోయొద్దు, చక్కెరకు వేళ్లు పాడవుతాయి.

నీళ్లలో పూసిన గడ్డ మళ్లీ పూయదు, పూలయ్యాక పారేయండి. నేలలో ఏటా పూసే గడ్డలే కావాలంటే డాఫొడిల్ కుటుంబంలోవే వర్షపు లిల్లీ, హిప్పియాస్ట్రమ్ మన ఎండకు తట్టుకుంటాయి. వర్షపు లిల్లీ గడ్డలు జూన్ తొలకరికి ముందు వేలెడు లోతున నాటితే, మంచి వాన పడిన కొద్ది రోజులకే మొగ్గలు లేస్తాయి.